చీనీ తోటకు బెట్ట, నా పెట్టెకు నిద్ర

నాకు కోపం ముక్కు మీదనే ఉంటాదని ప్రొద్దుటూరులో మా వీధి వీధంతా చెప్తాది. ఉంటే ఉండనీలే. ఆ కోపం లేకుంటే, నేను చేసిన మొదటి పెట్టె పదకొండు రోజులకే చచ్చిపోయినప్పుడు ‘సరేలే, పోయింది’ అని చేతులు దులుపుకొని ఊరుకునేదాన్ని. ఊరుకోలే. దాన్ని జమ్మలమడుగు చేలోంచి పీక్కొచ్చి, బల్ల మీద పెట్టి, మనిషిని తిట్టినట్ల తిట్టినా. ముందు గదిలో గాజులు చూస్తాన్న ఇద్దరాడోళ్లు ఉలిక్కిపడి లేచి నిలబడిరి. మా నాయన వాళ్లకు సర్దిచెప్పుకున్నాడు: “ఏం లేదమ్మా, మా పాప చదువుకుంటాంది.”

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్తా. మా నాయనది బంగారు అంగడి. అంగడి వెనకాల పనోళ్లు కూర్చునే గదిలో ఒక బల్ల ఖాళీగా ఉంటే, కాలేజీ వదిలినాక నేను ఆడ చేరతా. నాయన ముందు బంగారం అమ్ముతాంటాడు, వెనక నేను చిప్పులకు టంకం పెడతాంటా. టంకం పెట్టడం మా ఇంటికి కొత్త కాదు, లోహం మారింది, అంతే.

పెట్టె అంటే పెద్ద సంగతేం కాదు. టిఫిన్ డబ్బా అంత ఉంటాది, కింద రెండు చువ్వలుంటాయి. చువ్వలు మట్టిలోకి దించితే నేలలో తడి ఎంతుందో కనుక్కుంటాది. వైరు లేకుండా, గాలిలోనే, ఇంటి మిద్దె మీదుండే ఇంకో పెట్టెకు ఆ మాట చేరేస్తాది. అది ఫోనుకు చెప్తాది. చేలో కరెంటు యాడుంటాది? అంతా చిన్న బ్యాటరీ మీదనే నడవాల. రెండేండ్లు నడవాలని నా పట్టు. నెలకోతూరి బ్యాటరీ మార్చమంటే రైతు మారుస్తాడా? తీసి గట్టు మీదికి ఇసిరేస్తాడు.

మొదటిదాన్ని జమ్మలమడుగులో మా చిన్నాయన శనగచేలో పెట్టింటి. ఆయన రిటైరైన బడిపంతులు. పెట్టె బతికుందని తెలియాలని నేను దానికి ఒక ఎర్ర లైటు పెట్టినా. మిణుకు మిణుకుమంటా భలే ముద్దుగా ఉండె. ఆ ముద్దే కొంప ముంచె. బ్యాటరీలో సగానికి సగం ఆ లైటే తాగేసె. లైటు పీకేసి మళ్లా పెట్టొస్తే, మరుసటి రోజే చిన్నాయన ఫోను.

“పాపా, నీ పెట్టె కన్ను మూసింది.”

“కన్ను మూయలే చిన్నాయనా, నిద్రపోతాంది. పావుగంటకోతూరి లేసి, నేల చూసి, మళ్లా పండుకుంటాది.”

“పగటిపూట నిద్రేంది? ముప్పై యేండ్లు బళ్లో ఒక్కన్ని నిద్రపోనియ్యలే నేను.”

నవ్వి నవ్వి నాకు పొలమారె. కానీ నిద్రపోయే పెట్టె గూడా నెలన్నరకు మించి బతకలే. మల్టీమీటరు పెట్టుకొని రోజూ చూస్తా. లేసినప్పుడు ఎంత తింటాది, మాట పంపేటప్పుడు ఎంత తింటాది, అన్నీ సరిగ్గానే ఉంటాయి. మరి యాడికి పోతాంది? ఒక మాపు మా నాయన వచ్చి పక్కన నిలబడి, అంతా చూసి అడిగినాడు.

“అది పనిచేసేటప్పుడు ఎంత తింటాదో చూస్తాండావు. పండుకున్నప్పుడు ఎంత తింటాదో చూసినావా?”

“పండుకున్నప్పుడు ఏం తింటాది నాయనా!”

“పిచ్చిదానా, బంగారం కరిగించేటప్పుడు నలుగురం కండ్లు పెట్టుకొని చూస్తాంటాం, ఆడ గింజెత్తు గూడా పోదు. పనైపోయినాక గది ఊడుస్తారు చూడు, ఆడ పోతాది. అందుకే గదా ఊడ్చిన మట్టి గూడా కుండలో ఎత్తిపెట్టేది.”

మా పనిగది మట్టి నిజంగానే కుండలో పోస్తారు. ఆ మట్టిని కొనుక్కపోయి జల్లించి బంగారు పొడి తీసేవాళ్లు వేరే ఉండారు. చిన్నప్పటి నుంచి చూస్తాండా, నాకు మాత్రం తట్టలే. పెట్టెను నిద్రపుచ్చి మీటరు పెట్టినా. పెట్టె నిద్రపోతాంటే లోపల ఒక చిన్న ముక్క మాత్రం మేలుకొని, పగలూ రాత్రీ చప్పుడు లేకుండా చప్పరిస్తాంది! దాన్ని మార్చినా. చువ్వలకు ఎప్పుడూ కరెంటు పోతాండె, చూసే ఆ క్షణానికే పోయేటట్ల చేసినా. ఇంక మిగిలింది మాటలు. గాలిలో మాట పంపేదానికే అన్నిటికంటే ఎక్కువ ఖర్చు. అందుకని ఒక కట్టడి పెట్టినా: నేలలో మార్పు ఉంటేనే నోరు తెరువు, లేకుంటే మూసుకొని పండుకో.

“ఇట్లాంటి కట్టడి నీకు పుట్టినప్పుడే పెట్టింటే మా ప్రాణం హాయిగా ఉండె” అన్నాడు నాయన.

ఆ దినం మీటరులో ముల్లు దాదాపు సున్నా మీద కూర్చునింది చూడండి, నేను అరిచిన అరుపుకు పక్కంగడి వాళ్లు గూడా పరిగెత్తుకొచ్చిరి. నాయన మైసూర్‌పాకు తెప్పించి అందరికీ పంచినాడు. ఏం కనుక్కునిందని ఎవరో అడిగితే “ఏమో అప్పా, ఏదో తక్కువ తింటాదంట” అని చెప్పినాడు. గర్వంతో ఆయన మొగం వెలిగిపోతాండె. నాకైతే నేల మీద కాలు నిలవలే.

ఆ సంబరంలో ఉండంగానే పులివెందుల పక్క నుంచి ఒక రైతు తన బిడ్డకు కమ్మలు కొనడానికి వచ్చినాడు. నాకంటే రెండు మూడేండ్లు చిన్నోడు. మా నాయన కమ్మలు చూపించేది ఇడ్సిపెట్టి నా పెట్టె చూపిస్తాండాడు. ఆ రైతు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నా దగ్గరికొచ్చి నిలబడె.

“అక్కా, బెట్ట ఎంతకొచ్చిందో చెప్తాదా ఇది?”

బెట్ట అంటే ఏందో నాకు అప్పుడు తెలీదు. అంగట్లో పుట్టి అంగట్లో పెరిగినదాన్ని. ఆయనే చెప్పినాడు. చీనీచెట్టు, అదే బత్తాయిచెట్టు, తిక్కదంట. నీళ్లు పెడతా ఉంటే ఆకులేస్తాది గానీ పూయదంట. పూయాలంటే చలికాలంలో నెల, నెలన్నర నీళ్లు ఆపేసి ఎండగట్టాల. అదే బెట్ట. ఆకు వాడి, కొంచెం రాలి, చెట్టుకు ప్రాణభయం పట్టుకున్నాక నీళ్లిస్తే ఒళ్లంతా పూత. ముందే ఇస్తే ఆకే వస్తాది. లేటయితే కొమ్మలు ఎండిపోతాయి. నీళ్లు ఎప్పుడు ఇడవాలో కనుక్కునేదే విద్య.

“మొన్నటేడు తొందరపడి ముందే ఇడిస్తిమి, పూత రాలే. పోయినేడు భయపడి లేటు చేస్తిమి, కొమ్మలు ఎండె. ఈ తూరి గూడా పూత రాకుంటే తోట కొట్టేస్తానక్కా. బొగ్గుబట్టీ వాళ్లతో మాట్లాడినా. మా అమ్మతో మాత్రం ఇంకా చెప్పలే.”

ఆ చివరి మాట ఆయన కమ్మల వైపు చూస్తా చెప్పినాడు. సరే అప్పా, నేనొచ్చి పెడతా అంటి. ఫోనులో ‘ఇంకా తడి’ అని ఉన్నంత కాలం నీళ్లు ఇడవొద్దు. ‘బెట్ట చాలు’ అని వచ్చిన రోజు మోటరు వెయ్యి. ఇంతే మా ఒప్పందం.

కార్తీకం పోయినాక ఒక ఆదివారం పోయినా. ఎర్రనేల, వరసగా చీనీచెట్లు, మధ్యలో మోటరు కొట్టం. పెట్టె యాడ పెట్టాలని అడిగితే కొట్టం పక్కనున్న చెట్టు చూపించినాడు. తోటలోకెల్లా అదే పచ్చగా, గుబురుగా ఉంది.

“ఇది గొడ్డుదిలే అక్కా, ఒక్క కాయ కాయదు. కానీ ఎంత బెట్టకైనా వాడదు, మొండిది. ఇదే ఎండిందంటే తోటంతా ఎండినట్లే గదా?”

నాకు ఆ లెక్క శానా నచ్చె. చదువుకున్న బుర్ర గదా, ఏదైనా లెక్క మాదిరి చెప్తే నమ్మేస్తాది. పెట్టె ఆడనే దించినా.

వాళ్లమ్మ మంచం మీద కూర్చోని చూస్తాండె. డెబ్బై దాటినామె. తోట వేసినప్పుడు బోరు లేదంట, ఈమె బావి నుంచి బిందెలతో మోసి ప్రతి మొక్కనూ బతికించిందంట. లేసి నా దగ్గరికొచ్చి పెట్టెను కాలితో తాకి చూసె.

“ఇదేం చేస్తాదిమ్మే?”

“చెట్టుకు దప్పికయిందో లేదో చెప్తాదవ్వా.”

“దానికి ఒక డబ్బా కావాల్నా? నన్నడిగితే చెప్పనా?” అని, చెట్టు బెరడు మీద చెయ్యేసి నిమిరి, “నోరు లేని దాన్ని ఎండగట్టేదే పాపం. అది ఎంత ఎండిందో చూసేదానికి మళ్లా మిషన్లు” అని గొణుక్కుంటా పోయె. కొడుకు నవ్వినాడు. నేనూ నవ్వినా.

ప్రొద్దుటూరుకొచ్చినాక నా ఫోనులో నేను చూసేది ఒకటే: బ్యాటరీ. నేల సంగతి రైతు చూసుకుంటాడు, నా బిడ్డ సంగతి నేను చూసుకుంటా అనుకుంటి. బెట్టలో నేల మెల్లగా ఆరతాది కాబట్టి పెట్టె దాదాపు మాట్లాడే పనే ఉండదు. నెల గడిచినా బ్యాటరీ గీత వెంట్రుకంత గూడా దిగకూడదు. అట్లాంటిది, మూడు వారాలకే మెట్టు దిగినట్ల దిగె. నాలుగో వారం ఇంకో మెట్టు. అదే మాదిరిది ఇంకోటి నా బల్ల మీదుంది, దాన్ని నిద్రపుచ్చి చూస్తే బంగారం మాదిరి పండుకోనుంది. పెట్టెలోకి ముక్కలు అమ్మినాయనకు ఫోను చేసి తిట్టినా. కాలేజీలో పిల్లోళ్లను కారణం లేకుండా కసిరినా. ఇంట్లో అన్నం తినకుండా కూర్చుంటే నాయన “పోయి చూసిరా పాపా, ఈడ కూర్చోని అందరినీ కొరికేదెందుకు?” అన్నాడు.

పొద్దన్నే బస్సెక్కినా. వీరపునాయునిపల్లె దాటినాక గానీ నాకు బుద్ధి రాలే. ఇంతవరకూ బ్యాటరీ గీత చూస్తినే గానీ, పెట్టె ఏం మాట్లాడిందో ఒక్కతూరి గూడా చదవలే గదా అని తట్టె. ఫోను తీసి మొదటి నుంచి చదివినా. రోజూ పొద్దన ఆరు గంటలకు నేల ఉన్నట్టుండి తడుస్తాంది. మధ్యాన్నానికి కొంచెం ఆరతాంది, ప్రతి మార్పుకూ నోరు తెరిచి చెప్తాంది పాపం నా పెట్టె. మళ్లా మరుసటి రోజు ఆరు గంటలకు తడి. తోట మీద రోజూ ఆరు గంటలకు వాన కురుస్తాందా? పైపు కారతాందేమో అనుకుంటి. పెట్టె నిద్రకు నోచుకోక అరుస్తా ఉంటే, నేను దాని ఆకలి లెక్కే చూస్తాండా.

తోట కాడికి పోయి నిలబడినా. చెట్లన్నీ ఆకు ముడుచుకొని, కింద ఎండుటాకు కాలికి గరగరమంటాంది. కొన్నిటికి కొమ్మ చివర్లు నల్లబడినాయి. కొట్టం పక్క చెట్టు ఒక్కటి పెండ్లికూతురు మాదిరి పచ్చగా నిలబడి ఉంది.

“ఏందప్పా ఇది! ఇట్లయితాంటే చూస్తా కూర్చున్నావా?”

“నువ్వే గదక్కా చెప్పినావు? ఫోను ఇంకా తడి అంటాంది. నా కండ్లు ఎండినాదంటాండాయి. నేను రెండేండ్లు నా కండ్లు నమ్మి మోసపోతి గదా, ఈ తూరి నీ ఫోను నమ్మినా.”

గడ్డపార తీసుకొని పక్క చెట్టు మొదట్లో తవ్వినాడు. మూరెడు లోతుకు గూడా దుమ్మే. పచ్చచెట్టు కింద తవ్వితే బురద. పైపు చూస్తిమి, కారలే. ఇద్దరం మొగాలు చూసుకుంటిమి. అప్పుడు వెనక నుంచి అవ్వ గొంతు వినపడె.

“నేనేరా పోసింది.”

బిందె చంకనేసుకొని అట్లనే నిలబడి ఉంది. దాచుకోలే, భయపడలే.

“రోజూ మీరు లేవకముందే ఒక బిందె పోస్తా. ఈ యేడు కాదు, బెట్ట పెట్టిన ప్రతి యేడూ పోస్తా, మీ నాయన ఉన్నప్పటి నుంచి. ఇన్ని నోర్లు కట్టేస్తే ఆ ఉసురు యాడికి పోతాదిరా? ఒక్కదానికన్నా పోస్తే కొంచెం తగ్గుతాదేమోనని.”

ఆయనకు కోపం వచ్చె చూడండి, నా కోపం దాని ముందర ఏపాటి! గడ్డపార ఇసిరేసి “తోటను చంపితివి గదమ్మా! ఈ తూరి పూయకుంటే బొగ్గుబట్టీకి ఇస్తానని మాటిచ్చొచ్చినా!” అని అరిచేసినాడు. అన్నాక గానీ ఏమన్నాడో ఆయనకే తెలియలే.

అవ్వ చంకలో బిందె జారి కింద పడె. “కొట్టేస్తావా?” అనింది. అంతే. మట్టిలో కూలబడె.

నాకు ఆ క్షణం భూమి చీలి మింగేస్తే బాగుండనిపించె. తప్పు అవ్వదా? జీవం మీద జాలిపడినామెది తప్పెట్లయితాది? పెట్టెది గూడా కాదు. అది నెల పొద్దు నిజమే చెప్తాంది: రోజూ పొద్దన ఎవరో నీళ్లు పోస్తాండారు, చూడు తల్లీ, చూడు తల్లీ అని. నేను చూడలే. తోటంతటికీ ఒక్క పెట్టె పెట్టి, దాని బ్యాటరీ ఎంత మిగిలిందో చూసుకుంటా మురిసిపోతి. అట్లనే చెప్పినా ఇద్దరికీ. “తప్పు నాది. అవ్వను అనొద్దు” అని చెప్తాంటే నాకు ఏడుపొచ్చేసె.

నేను ఏడ్చేది చూసి అవ్వ లేసె. కొంగుతో కండ్లు తుడిచె, తనవి కాదు, నావి. కొడుకు అప్పటికే మోటరు కాడికి పరిగెత్తతాండాడు.

“ఆగరా! దప్పికతో పడిపోయినోని నోట్లో బిందె గుమ్మరిస్తావా? గొంతు తడుపు ముందు” అని అరిచింది.

ఆ మాటతో తోట అవ్వ చేతికి పోయె. మొదటి దినం ఒక్క గంటే నీళ్లు. నడమ రెండు దినాలు ఇడుపు. మళ్లా రెండు గంటలు. ఎప్పుడు పశువుల ఎరువు వేయాలో, ఎంత వేయాలో అంతా ఆమె చెప్పేది, కొడుకు నోరెత్తకుండా చేసేది. నేను పెట్టెను పీకి, ఈ తూరి ఎవరి లెక్కా వినకుండా అవ్వనే అడిగినా, యాడ పెట్టాలవ్వా అని. తోటంతా ఒకతూరి చూసి మూల చెట్టు చూపించింది.

“ఆడ పెట్టుమ్మే. ఆ చెట్టు మీద నాకు అంత ప్రేమ లే.”

ముగ్గురం నవ్వితిమి. ఏడ్చిన మొగాలతోనే నవ్వితిమి. అంత భయంలోనూ ఆ నవ్వుకు నాకు సగం ప్రాణం వచ్చె.

తర్వాత మూడు వారాలు నేను ఎట్ల గడిపినానో నాకే తెలీదు. బ్యాటరీ వైపు చూడలే. పొద్దన లేస్తానే నేల ఎట్లుందో చదివేది, రైతుకు ఫోను చేసేది. “ఏమన్నా కనపడినాదా అప్పా?” “లే అక్కా.” ఇంకో రెండు దినాలకు “చిగురు మాదిరి ఏదో ఉంది. ఆకో పూతో తెలీదు.” ఆకైతే తోట పోయినట్లే. నేను తరగతిలో ఒక పాఠానికి బదులు ఇంకో పాఠం చెప్పేసి వచ్చినా ఆ దినం. మరుసటి రోజు ఆయన ఫోను చేయలే, నేను చేస్తే ఎత్తలే. మాపుకు ఒక్క మాట వచ్చె: “రా అక్కా.”

మంచిదో చెడ్డదో చెప్పకుండా రా అంటే ఏమనుకోవాల? ఆదివారం బస్సు దిగి, తిట్టుకుంటా నడిచినా. తోట ఇంకా కనపడనే లే, గాలి వచ్చె. తియ్యగా, చల్లగా, ముక్కు నిండిపోయేటట్ల. చీనీపూత వాసన నాకు ముందెప్పుడూ తెలీదు, కానీ తెలిసిపోయె. అప్పుడు పరిగెత్తినా, నా వయసుకు తగని పరుగు. కొన్ని చెట్లు పోయినాయి, నిజమే, నల్లగా ఎండి నిలబడి ఉండాయి. మిగిలినవన్నీ కొమ్మ కనపడకుండా తెల్లగా పూసినాయి. తేనెటీగల మోతకు మాట వినపడలే.

బొగ్గుబట్టీ మనుషులిద్దరు చెట్లు లెక్కపెట్టుకోవడానికి వచ్చి గట్టు మీద కూర్చోనుండారు. వాళ్లకు కాఫీ పోస్తా రైతు “ఏం చెట్లప్పా? యాడి చెట్లు? మీరు తప్పుదోవ పట్టి వచ్చినట్లుండారే!” అంటాండాడు. వాళ్లూ మంచోళ్లే, నవ్వుతా తాగి పోయిరి.

అవ్వ మాత్రం కొట్టం పక్క చెట్టు కింద నిలబడి ఉంది. తోటంతా తెల్లగా ఉంటే అదొక్కటే పచ్చగా, ఒక్క మొగ్గ గూడా లేకుండా ఉంది. నేను పక్కన పోయి నిలబడినా.

“ఇన్నేండ్లు దీన్ని అందరూ గొడ్డుది అనిరి. నేనూ అంటిని” అనింది మెల్లగా. “గొడ్డుదాన్ని చేసింది నేనేనా మ్మే?”

కాదవ్వా అని అబద్ధం చెప్పబోతి. ఆమె చెయ్యెత్తి ఆపింది.

“వచ్చే యేడు దీనికి గూడా నీ డబ్బా ఒకటి పెట్టు. నా చెయ్యి ఊరుకుంటాదో లేదో నాకే తెలీదు. పోస్తే మీకు తెలిసిపోతాది గదా, ఆ సిగ్గుకన్నా ఊరుకుంటా.”

పెట్టినా. తరువాతి చలికాలం ఆ తోటలో నాలుగు పెట్టెలుండాయి, ఒకటి అవ్వ చెట్టు కింద. బెట్ట మొదలైనాక ఆ పెట్టె ఒకటి రెండు తూర్లు, నేల ఆరతాందని చెప్పి, నోరు మూసుకునె. నేను రోజూ ఆరు గంటలకు ఫోను పట్టుకొని కూర్చునేదాన్ని. ఏ మాటా రాదు. కొడుకు చెప్పినాడు, రోజూ ఆ టయానికి లేసి బిందె నింపుకుంటాదంట. చెట్టు దాకా పోయి, నిలబడి, దాంతో ఏదో మాట్లాడి, నీళ్లు ఎత్తుకొచ్చి బర్రెకు తాగిస్తాదంట. బ్యాటరీ గీత కదలనే లే. ఎండినాకు కింద ఒక ముసలామె పడే బాధ ఆ గీతలో నాకు కనపడతాండె.

ముప్పై తొమ్మిదో దినం నేను తరగతిలో ఉండా. ఫోను మోగింది. ఆ పెట్టెదే: తడి. టయం కాదే అది, పదకొండు గంటలు. అప్పుడు గుర్తొచ్చె, బెట్ట చాలు అని ఆ పొద్దన్నే మూల పెట్టె చెప్పింది. మోటరు వేయకముందే, కొడుకు చేతికి ఇయ్యకుండా, అవ్వే తన చెట్టుకు మొదటి బిందె పోసింది. పిల్లోళ్ల ముందరే నాకు కండ్లల్లో నీళ్లు తిరిగె. ఏమైంది మేడం అంటే “ఏం లే, ఒకామె నీళ్లు పోసింది” అని చెప్పినా.

మూడు వారాలకు పొద్దన్నే ఫోను. కొడుకు నంబరే గానీ గొంతు అవ్వది. బాగుండావా అని గూడా అడగలే.

“మ్మే, నా చెట్టు పూసింది. రాలిపోకముందే రా.”